కర్పూరం మిగిల్చిన నలుపు

కర్పూరం వెలిగిస్తే ఏమీ మిగలదని మునిరత్నం యాభై ఐదేళ్లు నమ్మాడు. ఆ నమ్మకం రెండు వేల మూడో సంవత్సరం శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం పోయింది. పోయింది కూడా ఏ గుళ్లోనో కాదు, తిరుపతిలో కొండకు ఎదురుగా ఉన్న ఒక కాలేజీ భౌతికశాస్త్రం ల్యాబులో. పోయినందుకు ఆయన బాధపడలేదు సరికదా, ఆ సాయంత్రం ఇంటికి పోయి భార్య భారతమ్మకు ఆ సంగతి చెబుతూ, అన్నం కలిపిన చెయ్యి ఎండిపోయేదాకా ముద్ద ఎత్తలేదు.

ఆయన ఆ ల్యాబులో అటెండరు. ఇరవై ఆరేళ్లుగా అద్దాలు తుడిచాడు, తీగలు అతికించాడు, విద్యార్థులు కాల్చేసిన ఫ్యూజులు మార్చాడు. ఎవరు ఏ పరిశోధన చేసి ఏ పట్టా పట్టుకుపోయినా ఆయనకు చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. అలాంటి మనిషిని నందిని కట్టిపడేసింది. ఆ అమ్మాయిది చిత్తూరు. వాళ్ల నాయనకు బజారువీధిలో పూజాసామాన్ల అంగడి. పీహెచ్‌డీకని వచ్చి, పెద్ద పెద్ద చోట్ల వాడే గ్యాసులు కొనే తాహతు ఈ కాలేజీకి లేదని తెలుసుకుని, అంగట్లో దొరికే హారతి కర్పూరంతోనే పని జరిపిస్తానని పట్టుబట్టింది. ప్రొఫెసర్ బాలసుబ్రమణ్యం సారు మొదట నవ్వాడు, తర్వాత లెక్కలు చూసి నవ్వడం మానేశాడు.

పని చూడ్డానికి చిన్నదే. బారెడు పొడవున్న, వేడికి కరగని గాజుగొట్టాన్ని కొలిమిలో అడ్డంగా పెట్టి ఎనిమిది వందల యాభై డిగ్రీలకు కాలుస్తారు. ఒక కొసన కర్పూరం పొడి, అందులో ఇనుము కలిసిన నారింజరంగు మందు చిటికెడు. లోపల గాలి లేకుండా ఇంకో గ్యాసు వదులుతారు. గాలి లేదు గనక కర్పూరం మండదు. ఆవిరై లోపలికి పోయి, ఆ వేడికి విడిపోయి, గొట్టం గోడల మీద నల్లగా పేరుకుంటుంది. చల్లారాక ఉక్కు కడ్డీతో ఆ నలుపును గీకి తీయడం మునిరత్నం పని. నందిని తొమ్మిదిన్నరకు వచ్చేసరికి ఆయన ఎనిమిదింటికే వచ్చి గీకి, తూచి, సీసాకెత్తి పెట్టేవాడు. తూచేటప్పుడు మాత్రం ఊపిరి బిగబట్టాలి. లేకపోతే పొడి త్రాసులోంచి లేచి ఆయన మొహం మీదికే వచ్చేది. అంత తేలిక.

ఆ నలుపును మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయనకు ఒళ్లు జలదరించింది. పొయ్యి మసికైనా కాస్తో కూస్తో మెరుపుంటుంది. దీనికి అది కూడా లేదు. వెలుతురులో పెట్టినా చీకటి ముద్దలా ఉండేది. దేవుడి ముందు వెలిగించి కళ్లకద్దుకునే వస్తువు, ఏమీ మిగల్చకుండా పోవడమే తెలిసిన వస్తువు, ఇక్కడ మాత్రం దీన్ని మిగిల్చిపోతోంది. ఇది ఉక్కు కంటే గట్టిదనీ, దూది కంటే తేలికదనీ, ఎప్పటికైనా శ్రీహరికోట నుంచి ఎగిరే రాకెట్లకు దీన్నే తొడుగుతారనీ సారు చెప్పినప్పుడు, మునిరత్నం నోరు వెళ్లబెట్టి విన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, గొట్టం కొసల దగ్గర జరిగింది. కొసల్లో పేరుకున్నది కల్తీ సరుకనీ, పారేయమనీ నందిని చెప్పింది. పారేయడమంటే చెత్తబుట్టలో వేయడం. అక్కడి నుంచి వరండా చివరి కుప్పకు, ఆ పైన నలుగురి కాళ్ల కిందికి. స్వామి మెడలో వాడిన పూలనే ఎవరూ తొక్కకుండా చూసుకునే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి, కర్పూరం నుంచి దిగినదాన్ని చెత్తలో ఎలా వేస్తాడు? కొసల్లోది వేలితో తుడిచి, కాగితంలో పొట్లం కట్టి, ఇంటికి తీసుకుపోయి దేవుడి గూట్లో ఒక పాత కుంకుమభరిణెలో దాచేవాడు. అలా రెండేళ్లకు భరిణె నిండింది. ల్యాబులో ఎవరికీ చెప్పలేదు. దొంగతనమన్న బెదురు కాదు, చదువుకున్నవాళ్లు నవ్వుతారన్న సిగ్గు.

రెండు వేల ఐదు ఫిబ్రవరిలో నందిని ఆ పొడిని పరీక్ష చేయించడానికి మద్రాసు పోవాల్సి వచ్చింది. అణువుల దాకా చూపించే మైక్రోస్కోపు అప్పట్లో తిరుపతిలో లేదు. తోడుగా మునిరత్నాన్ని పంపించారు. రైల్లో పొడి సీసా ఉన్న డబ్బాను ఆయన ఒళ్లోంచి దించలేదు. పుత్తూరులో టీ కూడా ఎడమచేత్తోనే తాగాడు.

మద్రాసులో ఆ యంత్రం గది నిండా ఉంది. నడిపేవాడు ఒక అరవాయన, మాట పొదుపు. లైట్లు ఆర్పి తెర వెలిగించాడు. మొదట కొండ కనిపించింది. ఇదేంటని అడిగితే, అది మీరు తెచ్చిన పొడిలో ఒక్క రేణువని చెప్పారు. మీట తిప్పేకొద్దీ కొండ దగ్గరికొచ్చింది, కొండ మీద పొద కనిపించింది, పొద కాస్తా చిక్కుపడిన జడలయింది. ఒక వెంట్రుక మందంలో ఇలాంటి పోగులు పక్కపక్కన పేరిస్తే నాలుగు వేలు పడతాయని నందిని చెవిలో చెప్పింది. ఇంకా తిప్పాడు. చివరకు ఒకే ఒక్క పోగు నిలిచింది. అటూ ఇటూ రెండు నల్లని అంచులు, నడుమ వెలుతురు. అది పోగు కాదు, లోపల బోలు ఉన్న గొట్టం. అంచుల్లో సన్నసన్నని గీతలున్నాయి. ఒక్కో గీత ఒక్క అణువు మందం. వంకర లేదు, తప్పిపోయిన వరుస లేదు.

మునిరత్నం ఇంత పనితనం కార్వేటినగరం కోట తలుపుల మీద కూడా చూడలేదు. ఏడాదిన్నరగా కడ్డీతో గీకి గీకి సీసాలకెత్తింది దీన్నా అనుకున్నాడు. దీన్ని ఎవరు అల్లారని అడిగాడు.

"ఎవురూ అల్లలేదన్నా. వేడి తగలగానే దానికదే అల్లుకునింది" అంది నందిని.

ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. అరవాయన చూసి నవ్వాడు. నవ్వితే నవ్వనీ, చూసిందాన్ని చూడలేదని ఎలా అనుకుంటాడు? తిరుగు ప్రయాణంలో నందిని అంకెలు రాసుకుంటుంటే, ఆయన కిటికీలోంచి పొలాలను చూస్తూ, ఇంకా ఏమేమి ఇలా కంటికి ఆనకుండా ఉండిపోయాయో కదా అనుకుంటూ కూర్చున్నాడు.

ఆ జూన్‌లో కూతురు నవీనకు పుట్టింట్లో తొలికాన్పు అయింది. ఆడబిడ్డ. బిడ్డను తొట్లో వేసే రోజు దగ్గరపడుతుంటే భారతమ్మ కాటుక పట్టే పనిలో పడింది. ఆముదం దీపం పెట్టి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించి, చేరిన మసిని ఆముదంతో రంగరించడం ఆమెకు తల్లి నేర్పిన పని. మునిరత్నం అడ్డుపడ్డాడు. ఇంట్లో స్వామి కర్పూరం నుంచి దిగిన నలుపు ఉండగా దీపం మసి ఎందుకన్నాడు. ఇంతకంటే మంచి రక్ష బిడ్డకు దొరకదన్నాడు. మొగుడికి తిక్క రేగితే మాన్పలేమని తెలిసిన భారతమ్మ ఎదురు చెప్పలేదు. భరిణె మూత తీసి పళ్లెంలో గుమ్మరించగానే పొడి పొగలా లేచింది. ఆమె తుమ్మింది, పళ్లెం అంచున పడినదాన్ని ఉఫ్ మని ఊదింది, తర్వాత ఆముదం పోసి రంగరించింది. బిడ్డ అదే గదిలో చీర ఉయ్యాలలో నిద్రపోతోంది. కాటుక సరిపోక మూడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి కలిపింది.

తొట్లో వేసిన ఎనిమిదో రోజున నందిని బిడ్డను చూడ్డానికి గౌను పట్టుకుని వచ్చింది. బిడ్డను ఎత్తుకుని ముద్దాడబోయి ఆగింది. కళ్ల చుట్టూ, బుగ్గన, అరికాలిలో పెట్టిన నలుపులో ఎక్కడా మెరుపు లేదు. ఆ నలుపును ప్రపంచంలో అందరికంటే ఎక్కువగా చూసిన ఇద్దరిలో ఆమె ఒకతె.

"ఈ కాటుక యాడిదన్నా?" అని అడిగింది.

మునిరత్నం గర్వంగా దేవుడి గూడు చూపించాడు. కొసల సంగతి, పొట్లాల సంగతి, భరిణె సంగతి అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆ అమ్మాయి మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. నవీన స్నానానికి పోయి ఉంది. నందిని దూదిని నూనెలో ముంచి బిడ్డ కళ్లు, బుగ్గ, కాలు తానే తుడిచింది. తుడిచిన దూదిని సీసాలో పెట్టి మూత బిగించింది. భరిణెను తడిగుడ్డలో చుట్టి సంచిలో వేసుకుంది. ఎలా కలిపారో భారతమ్మ చేత పూసగుచ్చినట్టు చెప్పించుకుంది. పొడి లేచిందన్న మాట దగ్గర మాత్రం రెండుసార్లు అడిగింది.

భారతమ్మకు తల కొట్టేసినట్టయింది. తరతరాలుగా ఆడవాళ్లు దీపం మీద పట్టింది మసి కాదా, అది పెట్టుకుని పెరిగిన పిల్లలు చల్లగా లేరా అని అడిగింది. నందిని ఓపికగానే జవాబిచ్చింది. దీపం మసి కూడా ఇంత చిన్నదేననీ, కానీ అది గుండ్రని ఉండల్లా ఉంటుందనీ, ఇది సూదుల్లా ఉంటుందనీ చెప్పింది. నూనెలో నానినది చర్మం మీద ఏమీ చేయకపోవచ్చు, ఆమె భయం కాటుక గురించి కాదు, కలిపేటప్పుడు లేచిన పొగ గురించి. ఈ మధ్య వచ్చిన వ్యాసాల్లో ఎలుకల ఊపిరితిత్తుల్లోకి ఇలాంటి గొట్టాలు ఎక్కిస్తే లోపల గడ్డలు కట్టాయని చదివింది. ఎక్కించిన మోతాదు మరీ ఎక్కువనీ, మామూలుగా పీలిస్తే అలా కాకపోవచ్చనీ కొందరన్నారు. పొడవుగా, సన్నగా, కరగకుండా ఉండేది ఏదైనా ఆస్బెస్టాస్ అనే రాతినార లాంటిదేననీ, రాతినార చేసిన చెడు ముప్పై ఏళ్లకు గానీ బయటపడలేదనీ మరికొందరన్నారు.

ముప్పై ఏళ్లన్న మాటకు మునిరత్నం గోడకు చేరగిలబడ్డాడు. ఆయన నాయన గూడూరు దగ్గర అబ్రకం గనిలో పనిచేసినవాడు. సాయంత్రం ఇంటికొస్తే జుట్టులో, కనుబొమల్లో తళుకులుండేవి. ఆ తళుకులు చూసి చిన్నప్పుడు తను చప్పట్లు కొట్టేవాడు. గని మానేసిన పదిహేనేళ్లకు నాయన దగ్గడం మొదలుపెట్టాడు, ఒక్కో రోజు ఒక్క ఊపిరి తీసుకోవడానికే ఏడాది పట్టినట్టు ఉండేది. దుమ్మంటే ఏమిటో మునిరత్నానికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఆ మధ్యాహ్నమే బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించారు. నవీనకు మాత్రం బిడ్డ జలుబు చూపించడానికని చెప్పారు. డాక్టరు కళ్లు చూశాడు, ఛాతీ విన్నాడు, బిడ్డ నిక్షేపంలా ఉందన్నాడు. నందిని బయట విడిగా అడిగింది, లోపలికి పోయి ఉంటే కనిపెట్టే పరీక్ష ఏదైనా ఉందా అని. అలాంటి వస్తువు పేరే తానెప్పుడూ వినలేదన్నాడాయన.

మరునాడు బాలసుబ్రమణ్యం సారు గదిలో మునిరత్నం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉద్యోగం పోతుందేమోనన్న బెంగ ఆయనకు లేశమైనా లేదు. ఒకటే అడిగాడు, బిడ్డకేమవుతుందని. సారు బల్ల మీద కాగితాలన్నీ పరిచి చూశాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"నాకు తెలీదు మునిరత్నం. నాకే కాదు, ఈ పొద్దు ప్రపంచంలో ఎవురికీ తెలీదు. చేయడం నేర్చుకున్నాం, అది మనల్ని ఏం చేస్తాదో ఇంకా నేర్చుకోలేదు" అన్నాడు.

ఇరవై ఎనిమిదేళ్లలో ఆ గదిలో తెలీదన్న మాట వినడం మునిరత్నానికి అదే మొదలు. బయటికొచ్చి వరండాలో మెట్ల మీద కూలబడ్డాడు. ఎదురుగా కొండ ఎప్పటిలాగే నీలంగా ఉంది. మద్రాసు తెర మీద చూసిన గొట్టం కళ్లముందు కదిలింది. అంత అందం ఎలా భయపెడుతుందో ఆయనకు అంతుబట్టలేదు. అది తనను తాను అల్లుకున్నట్టే, తన మనవరాలి రొమ్ములో ఎక్కడో ఒక మూల వరుస తప్పకుండా, ఎవరికీ కనిపించకుండా కూర్చుని ఉంటుందా? ఉంటే కదలకుండా ఉంటుందా? ఎవరిని అడగాలి? చేతులు జోడించి అడగడానికి కూడా దానికి చెవుల్లేవు. భయమూ భక్తీ ఒకే చోట పుడతాయని ఆయనకు ఆ మెట్ల మీద తెలిసింది. ఏది ఏదో విడదీయలేక కాసేపు ఏడ్చాడు.

నవీనకు చెప్పొద్దని భారతమ్మ పట్టుబట్టింది. పచ్చి బాలింత, పాలు ఎండిపోతాయంది. మునిరత్నం నాలుగు రోజులు కిమ్మనకుండా ఉన్నాడు. బిడ్డ చిన్నగా తుమ్మినా లేచి నిలబడేవాడు. తిన్నది ఒంటబట్టలేదు. ఐదో రోజు ఆదివారం, నందిని బిడ్డను చూసిపోదామని వచ్చినప్పుడు, కూతురిని పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పేశాడు. దాచింది తానని చెప్పాడు, కాటుకకు ఇచ్చింది తానని చెప్పాడు, మీ అమ్మ తప్పేమీ లేదన్నాడు. తిడుతుందని తలవంచుకుని కూర్చున్నాడు.

నవీన బిడ్డను రొమ్ముకు అదుముకుంది. ఆమె అడిగింది తండ్రి ఎదురుచూసిన మాట కాదు.

"నాయనా, ఆ గొట్టాన్ని గీకేది నువ్వే గదా? ఎన్నేండ్లుగా గీకతా ఉండావు?"

నందిని చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. ఏడాదిగా ఆ వ్యాసాలు ఆమె ఫైల్లో ఉన్నాయి. వాటిని సిద్ధాంతగ్రంథంలో ఏ అధ్యాయంలో పెట్టాలా అని ఆలోచించింది. ఎలుకల గురించి చదువుతూ, తాను వచ్చేలోపు ల్యాబులో పొడి గీకి, తూచి, బల్ల తుడిచి పెట్టే మనిషి గురించి ఒక్కసారి ఆలోచించలేదు. ఆ సంగతి ఆమె మొహంలో రాసినట్టు కనబడింది.

మునిరత్నం మాత్రం వేరే లోకంలో ఉన్నాడు. కూతురి ప్రశ్న ఆయనలో మెల్లగా దిగింది. నిజమే, ప్రతి ఉదయం ముక్కులో నలుపు, కఫంలో నలుపు. ఎన్నిసార్లు చూసుకుని కర్పూరమే కదా అని కడిగేసుకున్నాడు! అందరూ హడలిపోతున్న ఆ క్షణంలో ఆయనకు భయం వేయలేదు. నాలుగు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ కాస్త కదిలింది. ఎవరికీ తెలియదన్నారు కదా, తెలుసుకోవడానికి ఒక దారి తన ఒంట్లోనే ఉంది.

"నందినమ్మా, ఎలకల్ని సూసి మనిషికి లెక్క గడతా ఉండారు గదా. నేనుండాను గదా మనిషిని. బిడ్డ పీల్చింది రెండుసార్లు. నేను పీల్చింది రెండేండ్లు. వచ్చేదేదన్నా ఉంటే ముందు నాకే రావాల. ఏటేటా నా రొమ్ము ఫోటో తీసి సూడండి. నాకేమీ కాకపోతే..." అని ఆగి, బిడ్డ వైపు చూశాడు.

"అట్ల ఖాయంగా చెప్పలేమన్నా. పసిబిడ్డ ఊపిరి వేరే, నీ ఊపిరి వేరే" అంది నందిని. అబద్ధం చెప్పి ఊరడించడం ఆ పిల్లకు చేతకాదు.

"తెలుసమ్మా. ఏమీ తెలీకుండా ఉండేదానికంటే మేలు గదా. రాసుకో."

నవీన వద్దనలేదు. భారతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. నందిని సంచిలోంచి నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తిప్పి, పైన మునిరత్నం పేరు రాసింది. వయసు యాభై ఏడు. పని మొదలుపెట్టిన నెల, రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్నిసార్లు గీకేవాడు, దగ్గు ఉందా, ఆయాసం ఉందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆయన సాక్ష్యం చెబుతున్నట్టు నిటారుగా కూర్చుని జవాబులు చెప్పాడు. ఇంతకాలం తాను కొలిచి ఇచ్చాడు, ఇప్పుడు తననే కొలుస్తున్నారని ఆయనకు లోపల ఒక వింత గౌరవం కలిగింది.

ముక్కుకు గుడ్డ గానీ మాస్కు గానీ కట్టుకునేవాడా అన్న ప్రశ్న నందిని అడగలేదు. కాగితం మీద రాసుకుంది. దాని ఎదురుగా పెన్ను పెట్టి అలాగే ఉండిపోయింది. కంటినీరు పేజీ మీద పడితే చప్పున అరచేత్తో తుడిచింది. ఎదురుగా ఉన్న ఆయన వంగి ఆ ప్రశ్న చదివాడు.

"లేదని రాయి తల్లీ" అన్నాడు మునిరత్నం.